ఇసుక కదిలే సీమలో ఒక చేను



కణేకల్ మండలంలో రెండు లోకాలున్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు పారే చోట వరిమళ్ళు కన్నులపండువుగా ఉంటాయి. కాలువ అందని వేదవతి తీరంలో, అనగా హగరి ఒడ్డున, ఇసుక దిబ్బలు లేచియున్నవి. నైరుతి గాలి వీచే నెలల్లో ఏటిలోని ఇసుక లేచి పొలాల మీద పడుతుంది. ఎడారి అనే మాట మనం బైబిలులో చదువుతాము. అక్కడివారికి అది పెరటిలోనే ఉన్నది.

జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ వేళకు కాదు. ఒకప్పుడు మెట్టంతా వేరుశనగే. వాన తప్పితే గింజ లేదు, మేత లేదు, అప్పు మాత్రం మిగిలేది.

మేము జూన్ చివరిలో మా సంఘస్థురాలైన ఒక అక్క చేను చూడబోయాము. చుట్టూ దున్నిన ఎర్రనేల దుమ్ము రేగుతుండగా, ఆమె ఎకరము పచ్చగా కనబడింది. తొలకరికి ముందే కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, కంది, ఆముదము వంటి పలురకాల విత్తనాలకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతము పట్టించి చల్లినారట. పైన శెనక్కాయ పొట్టు పరచినారు. పొట్టు తొలగించి చూస్తే అడుగున మన్ను చల్లగా తగిలింది.

“నేల బయటపడితే గాలి ఎత్తకపోతాది అయ్యగారూ. కప్పిపెడితే మనదే” అన్నది.

ఇది రైతు సాధికార సంస్థ 2016లో రాష్ట్రంలో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయపు పద్ధతి. ఊళ్ళల్లో మహిళా సంఘాల ద్వారా సాగింది. 2024లో దీనికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానములో భాగము దక్కినది. అయితే బహుమానముకంటె పేడ సంగతి మాకు పెద్దగా తోచింది. ఎకరానికి జీవామృతము కావాలంటే పది కిలోల పేడ, ఆవు పంచితము, రెండేసి కిలోల బెల్లము, పప్పుపిండి, గుప్పెడు మన్ను, 200 లీటర్ల నీరు. కరువులో పశువులను అమ్ముకున్న ఇంట పేడ ఎక్కడిది? ఆమె పొరుగింటి కొట్టము ఊడ్చిపెట్టి తెచ్చుకుంటున్నది. ఖర్చు లేని సేద్యమంటారు గాని, ఆ ఖర్చు స్త్రీల నడుము మీద పడుతున్నది. ఈ మాట చెప్పకుండ పొగడుట న్యాయము కాదు.

శెనక్కాయ బాగా పండిన ఏట వచ్చినట్లు ఒక్కసారిగా రొక్కము ఇందులో రాదు. మొదటి ఏడు భర్త గొణిగినాడట. కాని కొర్రలు ఇంటికి, సొప్ప మేకలకు వచ్చినవి. విత్తనము కుండలో మిగిలింది. కరువుకు ముందే ధాన్యము కూర్చిన యోసేపు చరిత్రను ఆదివారము చదివే మనము, విత్తనాల కుండను కూడా ఆ దృష్టితో చూడవలెనని మాకనిపించింది.

తక్కిన రెండెకరాలు ఇంకను పాత పద్ధతిలోనే ఉన్నాయి. పెద్దకొడుకు బెంగుళూరులో కూలిపని చేస్తున్నాడు. సంక్రాంతికి వస్తే ఉండిపొమ్మని అడుగుతానన్నది. అతడు ఉంటే ఆ రెండెకరాలను కూడా కప్పుతారు.