కాలువ పడవలో దీపాలు

ఇంగ్లండు చూచి వచ్చిన మనవాళ్ళు లండన్ వంతెనను గురించి, రాజుగారి కోటను గురించి తరుచు వ్రాస్తూనే వున్నారు. మేము 2023 అక్టోబరులో వెళ్ళి పదిరోజులు కాపురమున్నది మాత్రం ఒక పడవలో. అక్కడ మేము చూచిన వింతలకన్న, దీపాలు కొన్న సంగతే ఎక్కువగా చెప్పబుద్ధి అవుతున్నది.

నార్తాంప్టన్‌షైరులో బ్రౌన్‌స్టన్ అనే వూరున్నది. ఆక్స్‌ఫర్డు కాలువ, గ్రాండ్ యూనియన్ కాలువ అక్కడ కలుస్తవి. గుట్టమీది చర్చి శిఖరం చాలా దూరానికే కనిపిస్తుంది. ఆరు లాకులు ఎక్కి పోతే 1796లో తెరచిన సొరంగం, పొడవు 2,042 గజాలు. మా తమ్ముడూ మరదలూ ఇంటి అద్దెలు భరించలేక ఒక పాత పడవ కొని ఆ కాలువ మీదనే వుంటున్నారు. పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. పాత లాకులు చాలావరకు ఏడడుగులే గనుక ఆ జాతి పడవలను అంతకు మించి కట్టరు. మన రైలు పెట్టెకన్న సన్నం. అందులోనే వంటిల్లు, పడక, స్నానాలగది, ఇనుప పొయ్యి అన్నీ వరుసగా వుంటవి. వెనుకటి రోజుల్లో సరుకు పడవల వాళ్ళు చివరనున్న పదడుగుల గదిలోనే పిల్లాజెల్లాతో బ్రతికారట.

(మన బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకొని చెన్నపట్నం వచ్చిన పడవలలో ఒక లాంతరుంటే చాలేది. అవీ పోయినవి, ఆ నీరూ పోయినది.)

పడవకు కరెంటు తీగె రాదు. ఇంజను నడిచినప్పుడు బ్యాటరీలు నిండుతవి, ఆగినప్పుడు వాటినే తినాలి. అంతా 12 వోల్టులు. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు ఒడ్డున కట్టిన పడవలో ఇంజను వేయరాదని అక్కడి మర్యాద. అక్టోబరు నెలాఖరుకు సాయంత్రం ఐదుకే చీకటి.

మా మరదలికి మధుమేహం. ఆమె ఇన్సులిన్ నిలవ చిన్న ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుండాలి. దీపాలు బ్యాటరీని తాగివేస్తే ముందు ఆగేది ఫ్రిజ్. "చీకట్లో కూర్చోమన్నా కూర్చుంటాను గాని అన్నయ్యా, అది ఆగకూడదు," అన్నాడు తమ్ముడు.

లెక్కలు మా వృత్తి గనుక కాగితం తీసుకున్నాము. పాత హాలొజన్ బల్బులు పది, ఒక్కొక్కటి 10 వాట్లు. మొత్తం 100 వాట్లు, అంటే ఎనిమిది ఆంపియర్లకు పైగా. రాత్రికి ఐదు గంటలు వెలిగితే 42 ఆంపియర్-గంటలు. ఫ్రిజ్‌కు రోజుకు సుమారు 40. బ్యాటరీలు రెండు కలిసి 220. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా చెడుతుంది గనుక మనకు దక్కేది 110. ఇంజను వేయకుండా రెండు రోజులు కట్టి వుంచితే 164 కావాలి. చాలదు. అదే రెండేసి వాట్ల ఎల్.ఇ.డి. దీపాలైతే రెండు రాత్రులకు 17, ఫ్రిజ్‌తో కలిపి 97. నీటి పంపుకు కూడా కాస్త మిగులుతుంది.

ఇక ఏవి కొనడం? ఇక్కడ చాలామంది చవకకు పోతారు. 12 వోల్టుల బ్యాటరీ అంటే పన్నెండే వుంటుందనుకోరాదు. నిండినప్పుడు 12.7, ఇంజను నింపుతున్నప్పుడు 14.4 వరకు లేస్తుంది. ఖచ్చితంగా పన్నెండుకే చేసిన దీపం ఆ దెబ్బకు వేడెక్కి త్వరగా పోతుంది. 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకొని, లోపల కరెంటును సమంగా వుంచే భాగమున్న దీపమే తీసుకోవాలి. ధర రెట్టింపైనా ఇదే చవక అని మా అభిప్రాయం. ఇళ్ళ కోసం అమ్మే 12 వోల్టుల దీపాలు కొన్ని ట్రాన్స్‌ఫార్మరు మీద పనిచేసేవి. వాటిని పడవకు తేరాదు. మరి కొన్నిటికి ధన ఋణ తీగెలు తిరగబడితే వెలగవు.

రంగు విషయంలో మా ఇంటావిడదే తీర్పు. దుకాణంలో తెల్లటి దీపం కింద చేయి పెట్టి చూచి, "ఇది ఆసుపత్రి వెలుతురు, దీని కింద పోపు వేగిందో మాడిందో తెలియదు," అన్నది. 2,700 కెల్విన్ల పసుపుపచ్చ వెలుగు, రంగులు సరిగా చూపే గుణం 90కి మించినది తీసుకున్నాము. చెక్క గోడల మీద అది బాగా వున్నది. కప్పు తలకు తగిలేటంత దగ్గర గనుక కంటికి గుచ్చుకోకుండా పాలరంగు అద్దం మూతలు వేయించాము. ప్రతిదానికీ విడిగా స్విచ్చి, పడక దగ్గర ఒకటి చదువుకొనేందుకు.

పాత తీగెలు మార్చలేదు. కరెంటు ఐదోవంతుకు దిగినందువల్ల చివరి గదికి వెళ్ళేసరికి తరిగే వోల్టులూ తగ్గినవి. పడక దగ్గరి దీపం వెనుకటిలా మినుకుమనలేదు. ఫ్యూజు మాత్రం చిన్నది వేశాము.

తరువాత రెండు రోజులు విడవని వాన. కట్టిన పడవ కదలలేదు, ఇంజను వేయలేదు. మూడోనాటి ఉదయం మీటరు 12.2 చూపినది. మరదలు ఫ్రిజ్ తెరచి, ఇన్సులిన్ పెట్టె మీద చేయి వేసి చూచి, పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.