అసలు పాఠం

మా తాతగారు 1968లో కొన్న అంబాసిడరు చిలకలూరిపేట దగ్గర మా వూరి కొట్టంలో వున్నది. డీజిలు ఇంజను తీసి, మళ్లీ పెట్రోలు ఇంజను పెట్టించి, దాన్ని పూర్వరూపానికి తేవాలని మా అన్నయ్య పట్టుదల. 2021 నిబంధనల ప్రకారం యాభై యేళ్లు దాటి, ఇంజనుగాని బాడీగాని పెద్దగా మార్చని బండికే ‘వింటేజి’ గుర్తింపు. మా బండికి ఆ అర్హత లేదు.

ఎందుకు లేదు? 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని పాడుచేసింది. అప్పులు తీర్చలేక యెందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యేడే మా నాన్న ఇంజను మార్పించి, వెనక సీటు తీసి బల్ల వేయించి, కారును బాడుగకు తిప్పాడు. మిరప కోతల కూలీలు అందులో యెక్కారు. తాతగారి హయాంలో వాళ్లెన్నడూ ఆ కారులో కూర్చోలేదు.

ప్రక్షిప్తాలను తొలగిస్తే కవి పాఠం మిగులుతుందని నేను తరగతిలో చెబుతాను. ఆ సూత్రం ఇక్కడ చెల్లదు. ఆ మాటకొస్తే, 2014 దాకా బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరే బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డుకు మరో కూర్పు. ఇక అసలు పాఠం యేది?

అన్నయ్య నాకంటే పదేళ్లు పెద్ద. ఆనాటి అవమానం కళ్లారా చూసినవాడు. మరిచిపోవాలనుకోవటంలో తప్పులేదు. కాని తాతగారి దర్జాకు మేడ వున్నది, పొలం వున్నది. నాన్న కష్టానికి ఈ బండి ఒక్కటే సాక్ష్యం.

తుప్పు ఆపిస్తాను, బ్రేకులు బాగుచేయిస్తాను. ఇంజనూ, బల్లా అట్లాగే వుంటాయి.