నేనంటే నేనే!

ఈ రోజుల్లో ఇంటింటా గోడకో, టీవీ పక్క బల్లమీదో ఒక డబ్బా ఉంటుంది. రెండో నాలుగో కొమ్ములు నిక్కబొడుచుకుని, పచ్చదీపాలతో మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. దాన్ని రూటరు అంటారు. ఇంటర్నెట్టును ఇంట్లోకి తెచ్చి తలా కాస్తా పంచిపెట్టేది అదే. అది నడుస్తున్నంతకాలం దానివంక ఎవరూ చూడరు. ఆగిపోతే ఇల్లంతా దాని చుట్టూ చేరుతుంది. దాని లోపలికి వెళ్లి ఏదైనా మార్చవలసి వచ్చినప్పుడు మాత్రం అందరికీ వేరే పనులుంటాయి.

మా ఇంట్లో ఆ పని తరచు పడుతుంది. మాది సంగారెడ్డి దగ్గర కొండాపూర్. పై వాటాలో, కంపెనీ బస్సుల్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు వెళ్లివచ్చే కుర్రవాళ్లు అద్దెకుంటారు. వాళ్లు మూడు నాలుగు నెలలకోసారి మారిపోతూంటారు. వెళ్లిపోయినవాళ్లకు మా వైఫై పాస్‌వర్డు తెలుసు గనక, దాన్ని మార్చాలి. మార్చాలంటే రూటరు గడప తొక్కాలి. 192.168.1.1 అని కొట్టి లోపలికి పోబోతే ఎర్రని త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం ప్రత్యక్షమవుతాయి. దాని కింద, మీ కనెక్షను భద్రంగా లేదనీ, దొంగలు మీ రహస్యాలు కాజేయవచ్చుననీ ఇంగ్లీషులో ఒక బెదిరింపు. వెనక్కి పొమ్మనడానికి పెద్ద బొత్తాము. ముందుకు పోయే దారి మాత్రం సందు చివర, చిన్నక్షరాల్లో.

మూడడుగుల దూరంలో మన గోడకు, మనం కొట్టిన మేకుకు వేలాడే డబ్బాను పట్టుకుని, ఇదెవరో నాకు తెలియదు పొమ్మంటుందేమిటండీ!

కనెక్షను పెట్టడానికి వచ్చిన కుర్రాడికి ఈ సందేహాలేవీ లేవు. "గది గట్లనే వస్తది సార్. ఏం గాదు. కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటది, గది ఒత్తి ముంగటికి పోవుడే" అన్నాడు. మా నాయన పక్కనే కుర్చీలో కూర్చుని ఆ మాటలు శ్రద్ధగా విన్నారు. ఆయన రిటైరైన బడిపంతులు. ఎవరు పాఠం చెప్పినా శ్రద్ధగానే వింటారు.

ఏం గాదన్నది నిజమే. కాని ఎందుకు కాదో ఆ కుర్రాడు చెప్పలేదు. చెప్పేవారు అరుదు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

ఇంటర్నెట్టులో మనం ఏ బ్యాంకు గుమ్మంలోకి పోయినా, ఆ బ్యాంకు ముందుగా ఒక సర్టిఫికెట్టు చూపించాలి. "ఈ పేరు గలవాడు వీడే" అని మూడోవాడెవడో సంతకం పెట్టిన కాగితం అది. ఆ సంతకాలు పెట్టే అధికారం ఎవరెవరికుందో బ్రౌజరు దగ్గర జాబితా ఉంటుంది. మన రూటరు కూడా ఒక సర్టిఫికెట్టు చూపిస్తుంది గాని, దానిమీద సంతకం కూడా రూటరుదే. "నేనంటే నేనే" అంటుందన్నమాట! ఆ తర్వాత జరిగే సంభాషణ గోప్యంగానే సాగుతుంది. కాని ఎదుటివాడెవడో చెప్పే సాక్షి లేడు. బ్రౌజరు అభ్యంతరమల్లా అదే.

పోనీ, పరాయి సంతకం తెచ్చుకోరాదా అంటే, రూటరుకు పేరు లేదు. 1996లో ఇంటర్నెట్టు పెద్దలు కొన్ని అంకెల వరసలను ఇళ్లకూ ఆఫీసులకూ లోపలి వాడుకకని విడిచిపెట్టారు. 192.168తో మొదలయ్యేవి అందులోవే. మా ఇంట్లో 192.168.1.1 మా రూటరు. మీ ఇంట్లో అదే అంకె మీ రూటరు. వ్యాకరణం చెప్పుకునేవాణ్ణి గనక నాకిది వెంటనే బోధపడింది: అది సంజ్ఞావాచకం కాదు, సర్వనామం. "నాయన" అనే పేరుమీద ధ్రువపత్రం ఇమ్మంటే తహశీల్దారు ఇస్తాడా? ప్రతి ఇంట్లోనూ ఒక నాయన ఉంటాడాయె. అందుకే 2015 నవంబరు నుంచి ఇటువంటి అంకెలకు సర్టిఫికెట్లు ఇవ్వకూడదని సంతకాలవారూ బ్రౌజర్లవారూ కూడి నియమం పెట్టుకున్నారు. కొన్ని రూటర్లయితే ఏ సర్టిఫికెట్టూ చూపించకుండా తలుపు తీసేస్తాయి. వాటికి క్రోము బ్రౌజరు 2018 జూలై నుంచి "నాట్ సెక్యూర్" అని చీటీ అంటిస్తోంది.

ఇదంతా మా నాయనకు చెబితే నవ్వారు. "నా పింఛను సంగతి గట్లనే గదరా. నేను బతికే ఉన్ననని నేను రాసిస్తే చెల్లదు" అన్నారు. నిజమే. ఏడాదికోసారి ఆ సంగతి రుజువు కావాలి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో పని జరుగుతోంది గాని, అంతకుముందు మనిషి ఎదురుగా నిలబడాలి, లేదా అధికారి ఎవరైనా సంతకం పెట్టాలి.

ముద్ర ఉన్నంతమాత్రాన నమ్మరాదని మా ఊరి మట్టికి రెండువేల ఏళ్లనాడే తెలుసు. 1940 ప్రాంతాల్లో యజ్దానీగారి ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వంవారు ఇక్కడ తవ్వించినప్పుడు శాతవాహనుల నాణేలు వేలకొద్దీ బయటపడ్డాయి. రోము నాణేలను చూసి చేసిన మట్టి బిళ్లలూ దొరికాయి. చక్రవర్తి మొహం ఉంటే ఏం, అవి మెళ్లో వేసుకోవడానికే గాని అంగట్లో చెల్లేవి కావు. ఇహ అసలు టంకసాలే దారితప్పితే? 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు సంతకంతో గూగుల్ పేరిట అనధికార సర్టిఫికెట్లు బయటపడి, వాటిని రద్దు చేయవలసి వచ్చింది.

నాకు వింతగా తోచేది మరొకటి. ఇంత గోల చేసే బ్రౌజరు, ఆ గుమ్మం దాటాక రూటరు అడిగే అసలు ప్రశ్న దగ్గర నోరెత్తదు. పేరు? అడ్మిన్. పాస్‌వర్డు? అదీ అడ్మినే! డబ్బా వీపున అంటించిన కాగితంమీద అచ్చువేసి మరీ ఉంటుంది. 2016లో మిరాయ్ అనే పురుగు ప్రపంచమంతా తిరిగి లక్షలకొద్దీ కెమెరాలనూ రూటర్లనూ లొంగదీసింది. దాని ఆయుధమల్లా ఇటువంటి పేరూ పాస్‌వర్డూ జంటలు అరవై పైచిలుకు. ఆ ఏడు అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి మూగబోయాయి. 2017 జూలైలో మన దేశంలోనే బి.ఎస్.ఎన్.ఎల్. మోడెములమీద దాడి జరిగింది. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డులు మార్చుకోండి మహాప్రభో అని ఆ సంస్థవారే ప్రజలకు చెప్పుకున్నారు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, అన్ని డబ్బాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం.

ఇహ మా నాయన సంగతి.

కిందటి నవంబరులో ఒక సాయంత్రం ఆయన ఫోనుకు కబురొచ్చింది. మీ జీవన ధ్రువపత్రం అందలేదు, ఈ రాత్రిలోగా కింది లింకు నొక్కకపోతే పింఛను నిలిచిపోతుందని. నొక్కారు. ఈసారి త్రికోణం ఒక్కటే కాదు, తెర తెరంతా ఎరుపు. మోసపు సైటని పసిగట్టినప్పుడు బ్రౌజరు అట్లా రంగు మారుస్తుంది. రూటరు దగ్గరి హెచ్చరికకూ దీనికీ చుట్టరికం లేదు. అది "ఎవరో తెలియదు" అంటుంది, ఇది "వీడు దొంగ" అంటుంది. కాని ఆయన కంటికి రెండూ ఒకటే. ప్రశాంతంగా అద్దాలు సర్దుకుని, చిన్నక్షరాలు వెతికి, డిటైల్స్ అన్నది నొక్కి, ఇంకా లోపలికి దారి చూస్తున్నారు.

మా అమ్మాయి పక్కనే హోంవర్కు చేసుకుంటోంది. "తాతా, ఏందది?" అంది.

"ఏం గాదు బిడ్డా. గిది గట్లనే వస్తది."

అది పుస్తకం అక్కడ పారేసి ఫోను లాక్కుంది. ఆయనకు కోపం వచ్చింది. ముప్ఫయ్యారేళ్లు పంతులుగా చేసి సంపాదించుకున్న పింఛను ఆ రాత్రితో ఆగిపోతుందని ఆయన భయం. నేను వచ్చేసరికి తాతా మనవరాలూ చెరో మూల కూర్చుని ఉన్నారు. ఖాతాలో డబ్బు చూపించి, పింఛను నిలవలేదని నమ్మించడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అన్నం దగ్గర మాత్రం, "మరి గా పోరడు ఏం గాదన్నడు గదరా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

"ఎరుపు లేకుంటే మంచిదేనా?" అని మర్నాడు అడిగారు. అదీ కాదు. దొంగ కూడా తన సైటు పేరుమీద సర్టిఫికెట్టు తెచ్చుకోగలడు, ఉచితంగానే దొరుకుతుంది. అది పుట్టినతేదీ సర్టిఫికెట్టు వంటిదే గాని కండక్టు సర్టిఫికెట్టు కాదు. తాళంకప్ప బొమ్మ చూసి జనం మోసపోతున్నారనే కదా, క్రోమువారు 2023 సెప్టెంబరులో దాన్ని తీసివేశారు! చివరికి ఆయనకు ఇట్లా చెప్పాను: మనింట్లో, మన వైఫైమీద, మన చేత్తో కొట్టిన 192.168 అయితే ముందుకు పోవచ్చు. ఎవరో పంపిన లింకయితే ఎరుపైనా పచ్చయినా మూసెయ్యాలి. ఆయన దాన్ని క్యాలెండరు వెనక రాసుకున్నారు.

రూటరు వీపున ఉన్న అడ్మిన్‌ను కూడా ఆయన చేతనే మార్పించాను. ఏ మాట పెట్టారో నాకు తెలియదు. చాలా పొడుగ్గానే ఉంది, రెండుసార్లు తప్పుపోయి మూడోసారి కుదిరింది. సంక్రాంతికి పై వాటా కుర్రవాళ్లు మళ్లీ మారారు. వైఫై పాస్‌వర్డు మార్చాలని కంప్యూటరు తెరిచాను. ఎర్ర త్రికోణం వచ్చింది. నాయన వచ్చి, అంకెలు ఒకటొకటే వేలితో చూసుకుని, ముందుకు పోయారు. ఆ పొడుగుమాట కొట్టేముందు నన్ను అటు తిరగమన్నారు.