సత్తు డబ్బాలో చిన్న దీపం

గిటారు వాయించే పిల్లలున్న తల్లులకు ఈ తంటా తెలిసే ఉంటుంది. గట్టిగా మీటితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు. మెత్తగా మీటితే పక్క గదిలో ఉన్న మనకే వినపడదు. మా అమ్మాయిది మరీ మెత్తని చెయ్యి. మాట కూడా అంతే, ఫ్యాను తిరుగుతుంటే సగం మాట ఫ్యానుకే పోతుంది. కిందటేడు కాలేజీ వార్షికోత్సవంలో సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటారుతో ఒక పాటకు వాయించింది. డ్రమ్ముల మోతలో దాని సన్నటి స్వరాలు మూడో వరుస దాకా కూడా రాలేదు. ఇంటికొచ్చి, "కంప్రెసర్ పెడల్ ఉంటే బాగుండేదమ్మా" అంది. నాకు తెలిసిన కంప్రెసర్ ఫ్రిజ్ వెనకాల ఉండేదొక్కటే.

పెడల్ అంటే గిటారుకూ స్పీకరు పెట్టెకూ మధ్యన పెట్టి కాలితో నొక్కే చిన్న డబ్బా. కంప్రెసర్ పెడల్ పెద్ద మోతను అణిచి, చిన్న మోతను పైకి తెస్తుంది. పొయ్యి మీద పాలు పొంగొస్తుంటే మంట తగ్గించి, పొంగు దిగాక మళ్ళీ పెంచుతాం చూడండి, అచ్చం అదే పని. ఆ తగ్గించే చెయ్యి ఎంత చురుగ్గా ఉంది, మళ్ళీ పెంచేటప్పుడు ఎంత నిదానంగా ఉంది అన్నదాన్ని బట్టే డబ్బా మంచీ చెడూ.

కొంటే వేలల్లో ఖర్చు. విడి సామాన్లు తెచ్చుకుంటే వందల్లో పోతుందని పిల్ల లెక్కేసింది. టంకం పెట్టే చెయ్యి మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు. ఆ చెయ్యి ఆళ్ళగడ్డలో ఉంది, మా నాయనది.

మా నాయన ఆళ్ళగడ్డలో చానా ఏళ్ళు రేడియోలు రిపేరు చేశాడు. అటు శిల్పులు రాయి చెక్కే చప్పుడు, ఇటు మా నాయన విప్పిపెట్టిన రేడియోల గరగర, ఆ రెండింటి మధ్య పెరిగినదాన్ని నేను. (తెలుగు బీయే చదివినందుకు ఒక్కమాట చెప్పుకోనివ్వండి. మనం సోల్డరింగును టంకం అంటాం కదా, సంస్కృతంలో టంకమంటే రాయి చెక్కే ఉలి. మా ఊరికి రెండూ సరిపోయాయి.) అమ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. మూడేళ్ళుగా చెవులు మందగించాయి. చెవి మిషన్ కొనిచ్చాం. "గిన్నె కింద పడితే బాంబు పేలినట్టుంది, మనిషి మాట మాత్రం అట్లనే ఉంది" అని దాన్ని బీరువాలో పెట్టేశాడు. ఫోన్లో ఏం చెప్పినా "ఆ, ఆ" అంటాడు. ఆ "ఆ"కు అర్థం వినపడలేదని. నేనంటే గొంతు పెంచి అరుస్తాను. సన్నగా మాట్లాడే మనవరాలు ఎంతని అరుస్తుంది? నెమ్మదిగా ఫోన్ చేయడమే మానేసింది. తాతకూ మనవరాలికీ మధ్య మాటలు పోవడం నా కళ్ళ ముందే జరిగింది. అందుకే, ఆళ్ళగడ్డ పోయి తాతతోనే చేయిద్దామన్నాను. నంద్యాల నుంచి సిరివెళ్ళ మీదుగా 40 కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే టిఫిన్ వేళకు దిగుతాం.

పిల్ల మాట్లాడలేదు, సర్క్యూట్ గీసిన కాగితం ఆయన ముందు పరిచింది. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది రేడియోలో ఏవీసీ కదమ్మే!" అన్నాడు. ఆటోమేటిక్ వాల్యూమ్ కంట్రోల్. కడప స్టేషన్ గట్టిగా వస్తుంది, సిలోన్ సన్నగా వస్తుంది. రెండూ మన చెవికి ఇంచుమించు ఒకే ఎత్తులో వినిపించేలా పాత రేడియోల్లోనే ఆ ఏర్పాటు ఉండేదట. మరి ఇందులో ఈ దీపం ఎందుకని అడిగాడు. పిల్ల కాగితం మీద రాసింది, ఆయన చదివాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ రాసింది. మధ్యాహ్నానికి నా నోటుబుక్కు సగం అయిపోయింది.

ఆ దీపం సంగతే ఇందులో అసలు చోద్యం. ఎల్‌డీఆర్ అని పది రూపాయల బిళ్ళ ఉంటుంది. చీకటి పడగానే వీధి దీపాలు వాటంతటవే వెలుగుతాయే, అక్కడ చీకటిని కనిపెట్టే పని ఇలాంటి బిళ్ళ చేస్తుంది. చీకట్లో దాని నిరోధం లక్షల ఓములు, వెలుతురు పడితే వందల్లోకి పడిపోతుంది. దానికి ఎదురుగా ఒక ఎల్ఈడీ పెట్టి, రెండింటినీ నల్ల గొట్టంలో మూసేయాలి. గిటారు గట్టిగా మోగితే దీపం గట్టిగా వెలుగుతుంది, బిళ్ళ నిరోధం తగ్గుతుంది, దాంతో ఐసీ మోతను తగ్గించేస్తుంది. బిళ్ళకు కాస్త బద్ధకం. వెలుగు పడ్డా వెంటనే లొంగదు, వెలుగు పోయినా వెంటనే తేరుకోదు. ఆ బద్ధకమే చెవికి ఇంపు. 1960లలో అమెరికాలో జిమ్ లారెన్స్ అనే ఇంజనీరు రేడియో ప్రసారాల కోసం ఎల్ఏ-2ఏ అనే పెట్టెను ఈ పద్ధతిలోనే చేశాడు. అణిచిన మోతను అది సగం దాకా సెకనులో పదహారో వంతులో వదిలేస్తుంది, మిగతా సగం వదలడానికి అర సెకను నుంచి ఐదు సెకన్ల దాకా తీసుకుంటుంది. పాటలు రికార్డు చేసేవాళ్ళు ఇప్పటికీ దాన్ని వెతుక్కుంటారు.

నాయన చేతులు వణుకుతాయి కాబట్టి టంకం నేను పెట్టాను. "కాలును వేడి చెయ్, సీసాన్ని కాదు. కాలు కాగితే అదే పారుతాది" అని పక్కనే కూర్చుని చెప్పాడు. జీరో బోర్డు, ఎనిమిది కాళ్ళ టీఎల్072 ఐసీ, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, తిప్పడానికి రెండు మరలు. ఒకటి వాల్యూముకు, ఇంకోటి ఎంత అణచాలో చెప్పడానికి. పెట్టెగా అమ్మ వాడిన సత్తు టిఫిను డబ్బా. వెలుతురు చొరబడదు, కరెంటు గుయ్యిమనేదీ చాలావరకు లోపలికి రాదు.

నాయనను మాతోపాటే నంద్యాలకు తెచ్చాం. అసలు పరీక్ష మా హాల్లో జరిగింది. అందులో ఒక కిటుకుంది, పిల్ల చెప్పింది. ఏది పెద్దగా మోగితే అదే బాగుందనిపించడం మన చెవుల గుణం. అందుకని పెడల్ వేసినా తీసినా మోత ఒకే ఎత్తులో ఉండేట్టు ముందు వాల్యూమ్ సరిచేసింది. తర్వాత నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమంది. వేసిందో తీసిందో నాకు చెప్పదు, నేను గుర్తుపట్టాలి.

పదిసార్లలో తొమ్మిదిసార్లు గుర్తుపట్టాను. గట్టిగా మీటినప్పుడు తీగ "టక్" మనే మొదటి దెబ్బ అలాగే వస్తుంది, బిళ్ళ అప్పటికి లేవదు కదా. ఆ వెనకాల మోత కాస్త కుదురుకుని, సాగి, ఎప్పుడు ఆగిందో తెలియనంత మెల్లగా ఆరిపోతుంది. చిటికెన వేలు పక్కన వేళ్ళతో మీటిన స్వరాలు, ఇన్నాళ్ళూ నేను విననే వినని స్వరాలు, ముందుకొచ్చాయి. ఏ మాట కా మాటే, ముందుకొచ్చింది అవొక్కటే కాదు. ట్యూబులైటు గుయ్యిమనడం, ఫ్యాను రెగ్యులేటరు గరగర, వంటింట్లో మిక్సీ వేస్తే దాని రొద కూడా వచ్చాయి. చిన్న మోతను పైకి తెమ్మంటే మంచిదేదో చెడ్డదేదో డబ్బాకు తెలీదు. అణిచే మర పూర్తిగా తిప్పితే మరీ అన్యాయం. పాటలో ఎత్తుపల్లాలు పోయి, ఇస్త్రీ చేసిన చీరలా చదునుగా పడుకుంటుంది. నాకైతే పావు వంతు చాలనిపించింది.

దీపం రంగు మార్చి కూడా చూశాం. ఎర్రది రెండు వోల్టుల లోపే వెలుగుతుంది కాబట్టి కొంచెం గట్టిగా మీటగానే పని మొదలెట్టింది. తెల్లదానికి మూడు వోల్టులదాకా కావాలి, బాగా బాదితే తప్ప లేవలేదు. పిల్ల చేతికి ఎర్రదే సరిపోయింది.

నాయన స్పీకరుకు దగ్గరగా కుర్చీ వేసుకున్నాడు. పెడల్ తీసి వాయిస్తే తల ఊపలేదు. వేసి, మర సగం దాటించాక చెయ్యెత్తాడు. "ఇప్పుడు ఇనపడతాంది. చివరిదాకా ఇనపడతాంది" అన్నాడు. ఇంకా తిప్పమన్నాడు. నాకు చదునైపోయిందన్న చోటే ఆయనకు పాట మొదలైంది. పిల్ల ఆ రోజు రెండు పాటలు ఆయన మర మీదే వాయించింది, తనకు నచ్చకపోయినా. తర్వాత నా నెయిల్ పాలిష్ తెచ్చి మర చుట్టూ రెండు చుక్కలు పెట్టింది. ఎర్రచుక్క తాతది.

రాత్రి నోటుబుక్కులో ఇంకో పేజీ రాసింది. చెవి మిషన్‌లో ఉండేదీ కంప్రెసరే, చిన్న మోతను పెంచి పెద్ద మోతను ఆపేదే, గిన్నె బాంబులా మోగుతుందంటే దాని అమరిక కుదరలేదని, ఆడియాలజిస్టు కంప్యూటరుకు తగిలించి మార్చగలరని. నాయన అది రెండుసార్లు చదివాడు. నేను ఏడాదిగా చెప్తున్న మాటే అది! నామీద "ఆ, ఆ" అన్న మనిషి, సర్క్యూట్ బొమ్మ పక్కన రాసేసరికి నమ్మాడు. మరుసటి వారం మిషన్ బీరువాలోంచి తీసి తీసుకుపోయాం. అక్కడి అమ్మాయిని మొదట అడిగిన మాట, "ఇందులో అణిచినాక వదలడానికి ఎంతసేపు పెట్టినారమ్మా?" అని. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను నవ్వు ఆపుకున్నాను.

ఇప్పుడు రోజంతా పెట్టుకుంటున్నాడని చెప్పను. బజారుకు పెట్టుకోడు, టీవీకి అక్కర్లేదంటాడు. రాత్రి ఎనిమిదికి మనవరాలు ఫోన్ చేస్తుంది, అప్పుడు పెట్టుకుంటాడు. పోయిన ఆదివారం ఆయనే చేశాడు. ఎల్‌డీఆర్‌కు పచ్చ వెలుతురంటే ఎక్కువ చురుకంట, పచ్చ దీపం వేసి చూసినారా అని అడిగాడు.