డబ్బాలో ఆరు నెలల సూర్యుడు

2025 జూన్ 22, ఆదివారం. విజయనగరం స్టేషనులో పలాస పాసింజరు కోసం నలుగురం నిలబడ్డాం. నా సంచిలో కెమెరా లేదు. నల్లగుడ్డ, కత్తెర, ఇన్సులేషన్ టేపు, లోపల నల్లరంగు కొట్టిన ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి ఉన్నాయి. సోంపేట పక్క పల్లెలో, ఒక డాబా మీది స్తంభానికి అలాంటి డబ్బానే 2024 డిసెంబరు 22న కట్టి వచ్చాం. ఆరు నెలలుగా అది ఒకే ఒక్క ఫొటో తీస్తోంది. దాన్ని విప్పడానికే ఈ ప్రయాణం.

ఆదివారాలు గంటస్తంభం దగ్గర టీ తాగి, కోట గోడల వెంట కెమెరాలతో తిరిగే స్నేహితులం మేం. ఒకరు బడి మాస్టారు, ఒకరు కరెంటు లైన్‌మన్, ఒకావిడ నర్సు. లెన్సు తిరగేసి బిగించి చీమ కళ్ల ఫొటోలు తీయడం, పాత రష్యా లెన్సును కొత్త కెమెరాకు తగిలించడం... ఒకరికి ఏది తోచినా మిగతావాళ్లం పని మానుకుని కూర్చుంటాం. ఐదోవాడు సోంపేట తమ్ముడు. స్టూడియో నడిపేవాడు. రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు.

ఉద్దానం మనిషి అంటే మా వైపు ఇంకేమీ అడగరు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నీడన బతికేవాళ్లకు, షుగరూ బీపీ లేకపోయినా కిడ్నీలు పాడవుతున్నాయి. ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలైంది. ఊళ్లకు వంశధార నీళ్లు తెచ్చే పథకమూ అప్పుడే ప్రారంభమైంది.

తమ్ముడికి డయాలసిస్ సూదుల కోసం ఎడమచేతిలో ఫిస్టులా ఉంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి పట్టీ బిగించకూడదు, బీపీ చూడనివ్వకూడదు. కెమెరా పట్టేవాళ్లకు లెన్సు బరువంతా ఎడమ అరచేతి మీదే కదా. వాడు కెమెరా బీరువాలో పెట్టేశాడు. అప్పుడు మాస్టారు ఈ డబ్బా సంగతి ఎత్తారు. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం అబ్జర్వేటరీలో 2012లో ఒక విద్యార్థిని ఇలాంటి డబ్బా కట్టి మరిచిపోయిందట. 2020లో విప్పితే 2,953 సూర్యరేఖలు. "మోయక్కర్లేని కెమెరా రా, నువ్వు చూసుకుంటే చాలు" అన్నారు.

చేయడం తేలికే. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ముక్కకు సూదితో చిల్లు పొడిచి, ఉబ్బును గరుకు కాగితంతో అరగదీయాలి. దాన్ని పాలపొడి డబ్బాకు కోసిన కంత మీద అతికించి, లోపల బ్రొమైడ్ పేపరు చుట్టాలి. తమ్ముడి డార్క్‌రూములో పాత పేపరు పెట్టె ఇంకా ఉంది. ఎండ రోజూ ఒక గీత గీసిపోతుంది. మొత్తం మూడు కట్టాం. ఒకదాన్ని ఎవరో పట్టుకుపోయారు. ఇంకోదాన్ని చీమలు ఇల్లు చేసుకున్నాయి.

బండి శ్రీకాకుళం రోడ్డు దాటుతుంటే మాస్టారు అరసవల్లి వైపు దణ్ణం పెట్టుకున్నారు. ఆరోగ్యం కోసం జనం మొక్కే సూర్యదేవుడి గుడి అక్కడుంది. మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ రెండు వేళలే ఎందుకని చిన్నప్పటినుంచీ అనుకునేవాణ్ణి. డిసెంబరు 21 నుంచి వెనక్కి ఎనభై రోజులు లెక్కపెడితే అక్టోబరు మొదలు, ముందుకు లెక్కపెడితే మార్చి రెండో వారం. సూర్యుడు దక్షిణం వైపు పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి అదే చోట ఉదయిస్తాడు. ఆ గుడి కట్టినవాళ్లకు ఈ లెక్క తెలుసు.

పలాసలో బస్సెక్కి మధ్యాహ్నానికి చేరాం. తమ్ముడి అమ్మగారు కొబ్బరిబొండాలు కొట్టి తెచ్చారు. "ఎండనపడి వచ్చినారు, తాగండి బావూ." మేం ముట్టుకోలేదు. కొబ్బరినీళ్లలోని పొటాషియం తమ్ముడికి పడదు. మామూలు నీళ్లయినా రోజుకు లీటరు దాటకూడదు. చుట్టూ వాళ్ల చెట్లే. "తాగన్నయ్యా, నువ్వు తాగితే నాను తాగినట్టే" అని వాడే బొండాం నా చేతిలో పెట్టాడు. తాగాను. ఆ తీపి గొంతు దిగడం ఎంత కష్టమో చెప్పలేను.

డబ్బా ఉప్పుగాలికి తుప్పెక్కింది. గది చీకటి చేసి మూత తీశాం. ఈ పేపరును కడగకూడదు, కడిగితే మొత్తం నల్లబడిపోతుంది. నేరుగా స్కానరు మీద పెట్టాలి. స్కానరు వెలుగుకూ అది చెడుతుంది కాబట్టి ఒక్కటే అవకాశం. లైన్‌మన్ అన్న కరెంటు పోకూడదని మెయిన్ దగ్గరే నిలబడ్డాడు.

స్కాను నెగటివుగా వస్తుంది కాబట్టి తిరగేశాం. తెర మీద కింద కొబ్బరి మట్టల నీడ, పైన ఆకాశం. అందులో గీతలు. డబ్బా తూర్పుకు చూస్తోంది కాబట్టి కుడి అంచున డిసెంబరు, ఎడమ అంచున జూన్. ఆ రెండు చోట్లా సూర్యుడు కదిలీ కదలనట్టుంటాడు కాబట్టి రోజుల మీద రోజులు పడి ముద్దయ్యాయి. మధ్యలో, మార్చి దగ్గర, వేగంగా జరుగుతాడు. అక్కడ ఒక్క రోజు మబ్బు పట్టినా సన్నటి నల్లదారం కనిపిస్తుంది.

తమ్ముడు లోపలికి వెళ్లి తన పుస్తకం తెచ్చాడు. డయాలసిస్‌కు ముందు బరువు, తర్వాత బరువు, పక్కన ప్రతి పొద్దుటి ఆకాశం: "ఎండ", "మబ్బు". నల్లదారాలకూ వాడి "మబ్బు"లకూ జత కుదుర్చుకుంటూ పోయాం. మార్చి 6 నుంచి 16 దాకా పేజీలు ఖాళీ. ఇన్‌ఫెక్షనుతో విశాఖలో పడుకున్న పదకొండు రోజులవి. వంతులేసుకుని మేం కాపలా ఉన్నాం. ఒక రాత్రి మాకూ ఆశ పోయింది. ఆ మాట వాడికింకా చెప్పలేదు.

మాస్టారు తెర మీద స్కేలు పెట్టి ఆ పదకొండు రోజులు ఎక్కడున్నాయో చూపించారు. పేపరు మీద అర సెంటీమీటరు. ఒకే ఒక్క నల్లదారం, మిగతా అంతా వెలుగు. తమ్ముడు చాలాసేపు చూశాడు. పెన్ను తీసి ఖాళీ పేజీల్లో, తేదీల పక్కన, పదిసార్లు "ఎండ", ఒకసారి "మబ్బు" అని రాసుకున్నాడు.

సాయంత్రం కొత్త డబ్బా కట్టాం. వాడు కుడిచేత్తో తీగ చుట్టాడు, ముడి పడేదాకా నేను వేలు అదిమి పట్టాను. టేపు మీద తేదీ రాశాడు. డిసెంబరులో విప్పాలి. ఈలోగా, అక్టోబరు మొదట్లో, సూర్యుడు మళ్లీ ఆ అర సెంటీమీటరు మీదుగానే వెళ్తాడు.