బల్లమీది అట్టముక్క

1962లో జాన్ గ్లెన్ భూమిని చుట్టి రావడానికి ముందు మిషను వేసిన లెక్కని చేత్తో సరిచూసిన కేథరీన్ జాన్సన్ పేరు ఇప్పుడు మా బడి పిల్లలకీ తెలుసు. నాకు మిరియం మాన్ ఇంకా దగ్గర. 1958లో నాసాలో కలిసిన లాంగ్లీ పరిశోధనాశాలలో ఆమె 1943లోనే చేరింది. అప్పట్లో కంప్యూటరంటే లెక్కలు కట్టే మనిషే. భోజనాల గదిలో వాళ్లకి వెనకాల బల్ల, దానిమీద 'నల్లజాతి కంప్యూటర్లు' అని అట్ట. మాన్ దాన్ని తీసి సంచిలో వేసుకునేది. మళ్లీ పెట్టేవాళ్లు. మళ్లీ తీసేది. చివరికి పెట్టడం మానుకున్నారు.

మా ఊరి టీకొట్టు దగ్గర మా వేరే గ్లాసుమీద ఏ రాతా లేదు, తీసి పారెయ్యడానికి. మా నాయన తాగి, తనే కడిగి, చూరులో పెట్టొచ్చేవాడు.