ఉప్పునీటిలో రెండు ఇనుపకడ్డీలు

ఉప్పు కరగిన నీటిలో రెండు ఇనుపకడ్డీలను నిలిపి విద్యుత్ప్రవాహమును పంపినచో, ఒకే లోహమునుండి పుట్టిన ఆ రెండింటి గతియు వేర్వేరగుట నన్నెప్పుడును ఆలోచింపజేయుచుండును. ఋణధ్రువమున నీటి అణువులు ఎలక్ట్రానులను గ్రహించి ఉదజని బుడగలను వెలువరించుచుండగా, అచ్చటి కడ్డీ ఇంచుమించు చెక్కుచెదరక నిలుచును. ధనధ్రువమునందో, ఇనుపపరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోయి అయానులై ద్రావణములోనికి జారి, తుప్పురంగు మడ్డిగా పేరుకొన, కడ్డీ క్రమముగా కృశించును. ఇనుమునకు బదులు గ్రాఫైటును నిలిపినచో క్లోరిన్ వాయువు వెలువడును గాని, గ్రాఫైటు సయితము మెల్లమెల్లగా అరిగిపోవును. అందులకే క్షారపరిశ్రమ 1960ల తరువాత రుథీనియం ఆక్సైడు పూత గల టైటానియమును ఆశ్రయించినది.

ఈ క్షయమును కీడుగా మాత్రమే చూడరాదని నా విశ్వాసము. 1824లో హంఫ్రీ డేవీ, ఓడల అడుగున తాపిన రాగిరేకులకు ఇనుప, జింకు ముక్కలను తగిలించినచో, బయటి విద్యుత్తు లేకయే అవి తాము కరగి రాగిని సముద్రజలమునుండి కాపాడునని నిరూపించెను. నేడు ఓడలును, సముద్రగర్భపు గొట్టములును ఈ సూత్రముచేతనే రక్షింపబడుచున్నవి. ఏ లోహము ఎచ్చట క్షయించునో ఎరిగినవాడే దేనిని ఎట్లు కాపాడవలయునో నిర్ణయింపగలడు. కావున మన పాఠశాలలలో విద్యుద్విశ్లేషణమును సమీకరణములతో ముగింపక, ఈ రక్షణసూత్రముతో జోడించి బోధింపవలయునని నా కోరిక.